హైదరాబాద్ నుంచి దుబాయ్: పోవడానికి 2 గంటల 20 నిమిషాలు, రావడానికి 5 గంటలా?

ఈసీఐఎల్ అమ్మాయి:
అందరికీ నమస్తే. మా తమ్ముడు దుబాయ్‌లో ఉంటాడు. జనవరిలో అమ్మను అక్కడికి పంపిస్తున్నాం. డైరెక్ట్ ఫ్లైటే, కానీ ఒక్కతే వెళ్తుంది, విమానం ఎక్కడం ఇదే మొదలు. టికెట్ ప్రకారం పోయేటప్పుడు ఉదయం 10:00కి బయల్దేరి 12:20కి దిగుతుంది. వచ్చేటప్పుడు మధ్యాహ్నం 2:00కి బయల్దేరి రాత్రి 7:00కి శంషాబాద్‌లో దిగుతుంది. నాన్న నిన్నటి నుంచి ఆ ప్రింటవుట్ పట్టుకుని "వచ్చేటప్పుడు మధ్యలో ఎక్కడో ఆపుతారే, నీకు చెప్పకుండా అంటగట్టారు" అని ఒకటే గొడవ.

దూరం కూడా ఒక్కో సైట్ ఒక్కోలా చెబుతోంది. ఒకచోట 2,550, ఇంకోచోట 1,580, మరోచోట 1,375. టైము 3:10 అని ఒకరు, 4 గంటలని ఒకరు. అసలు ఎంత దూరం? గాల్లో ఎంతసేపు ఉంటుంది? అమ్మకు షుగర్ ఉంది, మాత్రల టైము కోసమైనా కచ్చితంగా తెలియాలి.

నసపెట్టకు:
టైమ్ జోన్. అంతే. దీనికి ఒక థ్రెడ్డా? లాక్ చేసేయండి.

ఈసీఐఎల్ అమ్మాయి:
టైమ్ జోన్ సంగతి తెలుసండీ. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. పోయేదానికి గంటన్నర కలిపితే 3:50 వస్తోంది, వచ్చేదానికి తీసేస్తే 3:30. మిగతా ఇరవై నిమిషాలు ఏమయ్యాయి? ఇప్పుడు నాన్న దాన్ని పట్టుకున్నారు.

లెక్కల మాస్టారు:
మీ నాన్నగారు సరైన చోటే పట్టుకున్నారమ్మా. ఆయనకు ఈ లెక్క చూపించు.

పోయేది 2:20, వచ్చేది 5:00. రెండూ కలిపితే 7:20. సగం చేస్తే 3:40. ఇదీ ఒక వైపు ప్రయాణానికి సగటున పట్టే సమయం. టైమ్ జోన్ తేడా ఎంతో తెలియకపోయినా ఫరవాలేదు, ఎందుకంటే పోయేటప్పుడు గడియారం మిగిల్చిన గంటన్నరను వచ్చేటప్పుడు తిరిగి లాగేసుకుంటుంది. కలిపేసరికి రెండూ కొట్టుకుపోతాయి.

ఇప్పుడు తీసివేత. 5:00లోంచి 2:20 తీస్తే 2:40. తేడా మొత్తం గడియారం వల్లే అయితే గంటన్నరకు రెట్టింపు, అంటే 3:00 రావాలి. ఇరవై నిమిషాలు తగ్గింది. ఆ ఇరవైకి గడియారంతో సంబంధం లేదు. అది పోయే దారిలో ఎక్కువ పడుతున్న సమయం. ఎందుకు పడుతోందో విమానాల వాళ్ళు ఎవరైనా చెప్పాలి. ఏ రెండు ఊర్లకైనా ఈ పద్ధతి పనిచేస్తుంది, మధ్యలో ఆగని ఫ్లైట్ అయితే చాలు.

గాలిమోటారు:
మాస్టారూ, దండం. ఎయిర్‌లైన్‌లో ఫ్లైట్ ప్లానింగ్ వైపు పనిచేస్తాను కాబట్టి ఆ మిగతాది నేను అందుకుంటాను.

ముందు దూరం. ఆ సైట్లు మూడూ ఒకే దూరం చెబుతున్నాయి. 2,550 కిలోమీటర్లు. 1,580 మామూలు మైళ్ళు. 1,375 నాటికల్ మైళ్ళు, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు. అంకె పక్కన చిన్న అక్షరాల్లో రాస్తారు, ఎవరూ చూడరు. కొన్ని సైట్లు ఊరి మధ్య నుంచి కొలుస్తాయి, కొన్ని ఎయిర్‌పోర్ట్ నుంచి. దానివల్ల నాలుగైదు కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది.

ఇది భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి. విమానం అచ్చంగా ఆ గీత మీద పోదు. గాల్లోనూ రూట్లుంటాయి, పేర్లున్న పాయింట్లుంటాయి, కంట్రోలర్ చెప్పిన మలుపులుంటాయి. నాలుగైదు శాతం ఎక్కువ తిరగడం మామూలే.

ఇక టైము. మీ టికెట్‌లో ఉన్న 3:50 గాల్లో ఉండే సమయం కాదు. గేటు దగ్గర చక్రాల కింది అడ్డుదిమ్మలు తీసినప్పటి నుంచి, అక్కడ గేటు చేరి మళ్ళీ దిమ్మలు పెట్టేదాకా. మేం బ్లాక్ టైమ్ అంటాం. శంషాబాద్‌లో గేటు నుంచి రన్‌వేకి పది పదిహేను నిమిషాలు, దుబాయ్‌లో దిగాక గేటు చేరడానికి అంతే. దుబాయ్ రద్దీ ఎయిర్‌పోర్ట్, వరుస దొరికేదాకా గాల్లో చక్కర్లు కొట్టించడమూ ఉంటుంది. అవన్నీ లెక్కేసి, పైన ఇంకాస్త జోడించి షెడ్యూల్ వేస్తారు. "పదిహేను నిమిషాలు ముందే దిగాం" అని అనౌన్స్ చేసి మురిసిపోవడం అందుకే వీలవుతుంది.

3:10 అని చెప్పిన సైట్ చేసేది ఒక్కటే. దూరాన్ని ఏదో ఒక స్థిరమైన వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ కొంత కలుపుతుంది. గాలి దానికి తెలియదు.

సాఫ్ట్‌వేర్ సుబ్బడు:
అన్నా, ఒక డౌట్. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా. విమానం గాల్లోకి లేస్తే దుబాయే మన వైపు వస్తూ ఉండాలి. అంటే పోయేటప్పుడే తొందరగా చేరాలి. ఇక్కడ రివర్స్ ఎందుకయింది?

లెక్కల మాస్టారు:
గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది నాయనా. నడుస్తున్న రైలు పెట్టెలో ఈగ ఎగిరితే వెనక గోడకు కొట్టుకోదుగా. నువ్వన్నదే నిజమైతే బేగంపేటలో హెలికాప్టర్ ఊరికే పైకి లేచి నిలబడితే చాలు, కాసేపటికి కింద బొంబాయి వచ్చి ఉండాలి.

నసపెట్టకు:
బొంబాయి కాదు మాస్టారూ, బంగాళాఖాతం దాటుకుని పోవాలి. భూమి తూర్పుకు జరిగితే కిందికి వచ్చేది పడమర ఊరే కదా... ఆగండి, బొంబాయే కరెక్ట్. సరే, థ్రెడ్ లాక్ చేయొద్దు.

మబ్బులో మనిషి:
ఇరవై నిమిషాల సంగతి నాకు వదిలేయండి, ఇది నాకిష్టమైన సబ్జెక్టు.

చలికాలంలో మన ఉత్తర భారతం మీద పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. హైదరాబాద్–దుబాయ్ దారి దాని నడుమ నుంచి పోదు, కొంచెం దక్షిణంగా ఉంటుంది. కానీ దాని అంచు తగులుతుంది, దుబాయ్ దగ్గరయ్యేకొద్దీ ఇంకా ఎక్కువ. పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెన్నుదన్ను.

అంకెలతో చూస్తే, చిన్న జెట్ వేగం గంటకు 830 కిలోమీటర్లు అనుకోండి. ఎదురుగాలి 60 ఉంటే నేల మీద లెక్కకు మిగిలేది 770. 2,550ని 770తో భాగిస్తే దాదాపు 3 గంటల 19 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో 890 అవుతుంది, 2 గంటల 52 నిమిషాలు. 60 కిలోమీటర్ల గాలికే ఇరవై ఏడు నిమిషాల తేడా.

అసలు మజా వానాకాలంలో. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కింద మనకు తగిలే రుతుపవనాల గాలి పడమటి గాలి. కానీ బాగా పైన, దక్షిణ భారతం మీద గాలి ఎదురు తిరుగుతుంది, తూర్పు నుంచి పడమరకు జోరుగా వీస్తుంది. దీన్ని పట్టి చూపించింది తెలుగువారే, పంచేటి కోటేశ్వరం గారు. 1958లో ఆయన వ్యాసం అచ్చయింది. తర్వాత మన వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా చేశారు, 1975లో పద్మభూషణ్ వచ్చింది. ఆ గాలి ఉధృతి మరీ పైన, విమానాలు తిరిగే ఎత్తుకన్నా ఎక్కువలో ఉంటుంది గానీ, దాని కింది భాగం మనకు అందుతుంది. జులై, ఆగస్టుల్లో రానూ పోనూ తేడా బాగా తగ్గిపోయేది అందుకే. మీ అమ్మగారు వెళ్ళేది జనవరి కాబట్టి ఎదురుగాలి సీజన్. 3:50 చూసి కంగారు పడొద్దు.

గాలిమోటారు:
మబ్బులో మనిషి గారు చెప్పిందే మేం రోజూ చూస్తాం. నేల మీది గాలి సంగతి ఒకటి కలుపుతాను. శంషాబాద్ రన్‌వేలు రెండూ తూర్పు–పడమరగా ఉంటాయి. విమానం గాలికి ఎదురుగా లేవాలి. వానాకాలంలో పడమటి గాలి కాబట్టి పడమరకే లేచి, ముక్కుసూటిగా దుబాయ్ వైపు పోతుంది. చలికాలంలో గాలి తూర్పు వైపు నుంచి ఉంటే తూర్పుకు లేచి, ఊరి చుట్టూ తిరిగి పడమర పట్టాలి. అక్కడ కొన్ని నిమిషాలు. "దుబాయ్ అని చెప్పి విజయవాడ వైపు తీసుకెళ్తున్నాడేంటి" అని మొదటిసారి ఎక్కినవాళ్ళు బెదిరిపోతారు. అమ్మగారికి ముందే చెప్పండి.

విమానం రకం కూడా చూసుకోండి. బోయింగ్ 777 అయితే ధ్వని వేగంలో 84 శాతం దాకా పోతుంది, ఎయిర్‌బస్ ఏ320 అయితే 78 దగ్గర. ఈ దూరానికి పది పన్నెండు నిమిషాలు తేడా. రెండు సంస్థల టికెట్ టైములు కలవకపోతే అదొక కారణం.

కాకినాడ కాజా:
గంటన్నర తేడా గురించి ఒక చిన్న సరదా. హైదరాబాద్ దాదాపు 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం, దుబాయ్ 55.4. తేడా 23 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి సూర్యుడు నాలుగు నిమిషాలు తీసుకుంటాడు. 23 నాలుగులు 92 నిమిషాలు. గడియారాల తేడా 90. అంటే గడియారాల తేడా, సూర్యుడి తేడా దాదాపు సరిపోయాయి. హైదరాబాద్‌లో పొద్దు ఎక్కడుండగా భోజనానికి కూర్చుంటామో, అక్కడా ఆ టైముకు పొద్దు అక్కడే ఉంటుంది. 

సింగపూర్ అలా కాదు. హైదరాబాద్ నుంచి దాదాపు 3,300 కిలోమీటర్లు. రేఖాంశం తేడా 25 డిగ్రీల పైచిలుకు, సూర్యుడి ప్రకారం గంటా నలభై నిమిషాలే ఉండాలి. కానీ గడియారం తేడా రెండున్నర గంటలు. అక్కడి గడియారం ముందు నుంచే సూర్యుడికన్నా ముందుండేది, 1982లో ఇంకో అరగంట ముందుకు జరిపారు. ఏడు గంటల ప్రాంతంలో గానీ పొద్దు పొడవదు. మా అన్నయ్య పిల్లలు చీకట్లోనే బడికి తయారవుతారు.

మన భారత కాలమానం 82.5 డిగ్రీల రేఖ మీద ఆధారపడిందనీ, అది మా కాకినాడ దగ్గర్లోంచే పోతుందనీ ఈ సందర్భంగా అందరికీ గుర్తు చేస్తున్నాను.

నసపెట్టకు:
వచ్చేసింది కాకినాడ. ఇంకా రాలేదేంటా అని చూస్తున్నా.

జగిత్యాల బిడ్డ:
మీరందరూ గాల్లో నిమిషాలు లెక్కేస్తున్నారు, నేల మీద గంటల సంగతి ఎవరూ మాట్లాడరేం? మా దిక్కు నుంచి గల్ఫ్ పోయేవాళ్ళు ఇంటింటికీ ఉంటారు. జగిత్యాల నుంచి శంషాబాద్ చేరాలంటే రాజీవ్ రహదారి మీద కరీంనగర్, సిద్దిపేట దాటి, శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, చాయ్‌కి ఒకచోట ఆగితే ఐదు గంటలు ఎటూ పోవు. ఫ్లైట్‌కి మూడు గంటల ముందు ఉండాలి. దుబాయ్‌లో దిగాక ఇమిగ్రేషన్, సామాను, అక్కడి నుంచి క్యాంపుకి బండి. ఇల్లు వదిలిన గంట నుంచి గదిలో బ్యాగు పెట్టేదాకా లెక్కేస్తే పద్నాలుగు గంటలు ఈజీగా అవుతాయి. అందులో విమానం వాటా నాలుగు గంటలు కూడా లేదు. విమానం అరగంట ముందు దిగితే ఏంది, వెనక దిగితే ఏంది?

ఇంకో మాట, ఇది అందరూ చదవాలి. రాత్రి ఫ్లైట్ల తేదీ. టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉంటే 14వ తేదీ రాత్రి అన్నం తిని బయల్దేరాలి. మా మేనబావకి ఒక ఏజెంట్ ఫోన్‌లో "పదిహేనో తారీఖు రాత్రి" అని చెప్పి ఊరుకున్నాడు. వీడు పదిహేను రాత్రి కుటుంబంతో సహా తుఫాన్ బండి కట్టించుకుని పోయాడు. కౌంటర్‌లో అమ్మాయి టికెట్ చూసి, వీడి ముఖం చూసి, "సార్, ఇది నిన్న వెళ్ళిపోయింది" అన్నది. వాళ్ళమ్మ అక్కడే కూలబడింది. కొత్త టికెట్‌కి మళ్ళీ అప్పు. ఆ ఏజెంట్ ఫోన్ ఎత్తితే ఒట్టు.

టోలిచౌకి భాయ్:
జగిత్యాల భాయ్ చెప్పింది వంద శాతం కరెక్ట్. మా గల్లీలో కూడా ఈ 00:40 బాధితులు ఉన్నారు.

నేను సూర్యుడి పాయింట్ మీద ఒకటి చెప్తా. రంజాన్ నెలలో సాయంత్రం నాలుగున్నర ఫ్లైట్ ఎక్కిన, రోజాతో, అంటే ఉపవాసంతో. హైదరాబాద్‌లో ఆ రోజు ఇఫ్తార్ ఆరూ ఇరవై ఐదు ప్రాంతం. నా వాచీలో ఆ టైము అయింది, ఖర్జూరం చేతిలో పట్టుకున్న. కిటికీ లోంచి చూస్తే సూర్యుడు హాయిగా పైన ఉన్నాడు. విమానం ఆయన వెనక పడి పోతుంది కదా, ఆయన దిగడే! మా దగ్గర నియమం ఏమంటే నువ్వున్న చోట నీకు పొద్దు గుంకాలి, బయల్దేరిన ఊరి టైము చెల్లదు. పక్క సీటు చాచా ముందే తెలిసినవాడు, తస్బీహ్ (జపమాల) తిప్పుకుంటూ నన్ను చూసి నవ్వుతున్నాడు. మన టైము ఎనిమిది కావస్తుండగా, కింద ఒమన్ వైపు దీపాలు కనబడే వేళకు, అప్పుడు గుంకింది. దాదాపు గంటన్నర ఎక్స్‌ట్రా రోజా. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం లాభమే, పొద్దు ఎదురొచ్చి తొందరగా గుంకుతుంది.

లెక్కల మాస్టారు:
భాయ్, మీ అనుభవం లెక్కకు అచ్చంగా కూర్చుంది. గంటకు ఏడు డిగ్రీల చొప్పున పడమరకు పోతుంటే సూర్యాస్తమయం గంటకు 28 నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటుంది. ఆరూ ఇరవై ఐదుకు మొదలుపెట్టి లెక్కేస్తే ఎనిమిదికి కొద్దిగా ముందు వస్తుంది. అంత ఎత్తు నుంచి చూస్తే క్షితిజం కిందికి వాలి ఉంటుంది కాబట్టి ఇంకొన్ని నిమిషాలు కలుస్తాయి.

సాఫ్ట్‌వేర్ సుబ్బడు:
పాకిస్తాన్ గగనతలం మూసేశారు కదా. దానివల్ల మన దుబాయ్ ఫ్లైట్లు చుట్టూ తిరిగి పోతున్నాయా? ఆఫీసులో ఒకడు గంట ఎక్కువ పడుతోందన్నాడు.

గాలిమోటారు:
మీవాడు ఢిల్లీ నుంచి వెళ్ళి ఉంటాడు. 2025 ఏప్రిల్ 24 నుంచి మన దేశపు విమానాలకు అది మూసేశారు. దెబ్బ గట్టిగా తగిలింది ఢిల్లీ, అమృత్‌సర్ లాంటి ఉత్తరాది ఊర్ల నుంచి పడమరకు పోయేవాటికి. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దారి మహారాష్ట్ర మీదుగా అరేబియా సముద్రం మీదికి, అక్కడి నుంచి ఒమన్ వైపు. మనకు గంట పెరిగే ప్రశ్నే లేదు.

ఎక్కువసేపు పట్టించేవి వేరే ఉన్నాయి. చలికాలం తెల్లవారుజామున దుబాయ్‌లో పొగమంచు, అప్పుడు వరుసలో నిలబెడతారు. 2024 ఏప్రిల్ 16న అక్కడ కురిసిన వాన గుర్తుందిగా, రన్‌వే దగ్గర నీళ్ళు నిలిచి కొన్ని రోజులు అంతా అతలాకుతలం. అలాంటివి ఏ క్యాలిక్యులేటర్‌లోనూ రావు.

ఈసీఐఎల్ అమ్మాయి:
అందరికీ పెద్ద థాంక్స్. మాస్టారి లెక్క నాన్నకు కాగితం మీద వేసి చూపించాను. కలిపి సగం చేయడం దగ్గరే ఒప్పేసుకున్నారు, గాలి సంగతి మాత్రం "చూద్దాం" అన్నారు. మాత్రల గురించి ఎవరైనా చెప్తారా?

కాకినాడ కాజా:
అక్కా, మా నాన్నగారికీ షుగరే. వెళ్ళేముందు డాక్టర్‌ను ఒక మాట అడగండి, ఇన్సులిన్ అయితే తప్పనిసరిగా. మేం చేసింది ఇది: దిగేదాకా చేతి వాచీ ఇండియా టైములోనే ఉంచాం. పొద్దున మాత్రకూ తర్వాతి మాత్రకూ మధ్య ఎంత విరామం ఉండాలో అదే చూసుకున్నాం, అక్కడి గోడ గడియారాన్ని పట్టించుకోలేదు. మందులన్నీ చేతి బ్యాగులోనే, పెద్ద సామానులో వద్దు. డాక్టర్ చీటీ వెంట ఉండాలి. అక్కడ కొన్ని మందుల మీద ఆంక్షలున్నాయి, ముఖ్యంగా నిద్రమాత్రలూ గట్టి నొప్పి మాత్రలూ. ఉదయం 10 ఫ్లైట్ అంటే ఇంట్లోంచి ఐదున్నరకే కదలాలి కదా, టిఫిన్ డబ్బా మర్చిపోవద్దు. ఆకలితో మాత్ర వేసుకునే పని పెట్టుకోవద్దు.

జగిత్యాల బిడ్డ:
ఈసీఐఎల్ నుంచి అయితే ఊరి మధ్యలోంచి రావద్దు, ఘట్‌కేసర్ వైపు ఔటర్ ఎక్కి రండి. కిలోమీటర్లు ఎక్కువైనా పొద్దున పూట సిగ్నళ్ళు ఉండవు. అమ్మకు తోడు కావాలంటే టికెట్‌లో వీల్‌చైర్ సహాయం ముందే అడగండి. నడవగలిగినా ఫరవాలేదు, కౌంటర్ నుంచి బయట గేటు దాకా ఒక మనిషి వెంట ఉంటాడు. తమ్ముడు ఏ టెర్మినల్ దగ్గర నిలబడాలో కూడా ఇప్పుడే చూసుకోండి. ఎమిరేట్స్ అయితే మూడులో దిగుతుంది. ఒకటో టెర్మినల్‌కు వచ్చే ఫ్లైట్ అయితే దిగాక లోపలే చిన్న రైలు ఎక్కి ఇవతలికి రావాలి, అది చూసి అమ్మ వేరే ఊరికి తీసుకెళ్తున్నారనుకునేరు.

టోలిచౌకి భాయ్:
కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, ఆ తర్వాత ఏడ్చినా తెరవరు. పచ్చళ్ళు ఉంటే చెక్‌ఇన్ బ్యాగులో, రెండు పొరల ప్యాకింగ్. చేతి బ్యాగులో ఆవకాయ సీసా పట్టుకుపోతే సెక్యూరిటీ దగ్గర దానికి జనాజా (అంత్యక్రియల నమాజు) చదవాలి.

ఈసీఐఎల్ అమ్మాయి:
వీల్‌చైర్ సహాయం రిక్వెస్ట్ పెట్టేశాను. ఆఖరి ప్రశ్న. అమ్మ కిటికీ సీటు అడుగుతోంది. ఏ వైపు తీసుకోను?

గాలిమోటారు:
పోయేటప్పుడు కుడి వైపు తీసుకోండి. జనవరి కాబట్టి సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, పడమరకు పోయే విమానానికి అది ఎడమ వైపు. అటు కూర్చుంటే దారి పొడుగునా ఎండ ముఖాన కొడుతుంది, కిటికీ మూసుకోవాలి, ఇక చూసేదేముంది? రెక్కకు ముందు వరస అయితే ఇంకా మంచిది. తిరిగి వచ్చేటప్పుడు మధ్యాహ్నం రెండింటికి బయల్దేరే ఫ్లైట్ కదా, అప్పుడు ఎడమ వైపు నీడ.